మా ఆయన కుడికాలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాయాలంటే పొయ్యి మీద పాలు అంతసేపు ఆగవు కనుక, ఒక్క కుడికాలి గురించే చెబుతాను. ఇంకెవరైనా కారు నడుపుతుంటే, పక్కన కూర్చున్న మా ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతుంది. టాక్సీలో తొక్కుతుంది. మా మరిది కారులో తొక్కుతుంది. బస్సులో ఎక్కడో వెనక వరుసలో కూర్చుని కూడా తొక్కుతుంది. టీవీలో దొంగల కారును పోలీసుల కారు తరుముతుంటే మా సోఫా ముందు తివాచీ ముడతలు పడుతుంది. ఆ ముడతలు సరిచేసేది నేను.

తనకంటే జాగ్రత్తగా కారు నడిపే మనిషి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఉద్యోగం కూడా తోడైంది. ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఏ భవనంలోనైనా లిఫ్టు కాస్త కుదుపుతో ఆగిందంటే దానికి తాళం వేయిస్తారు. మెకానిక్కు వచ్చి సరిచేసి, అది మళ్ళీ వెన్నలా ఆగేదాకా అక్కణ్ణుంచి కదలరు. "పైకి పోవడంలో ఏముంది, ఎవరైనా పోతారు. ఆగడంలో ఉంది అంతా" అంటారు. ఆ మాట ఆయన చావింటి పరామర్శకు వెళ్ళినప్పుడు కూడా అనబోతే నేను మోచేత్తో పొడిచాను.

నాకు లైసెన్సు లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పించడం మొదలుపెట్టారు. నాలుగో పాఠం నాడు ఇద్దరం వేరువేరు బస్సుల్లో ఇంటికొచ్చాం. కారును మర్నాడు మా మరిది వెళ్ళి తెచ్చాడు. ఆ తర్వాత ఆ ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా సంసారం ఇన్నేళ్ళు సాఫీగా నడిచిందంటే అదొక కారణం.

అలాంటి ఇంట్లో మా అమ్మాయి పద్దెనిమిదేళ్ళు నిండీ నిండగానే లెర్నర్ లైసెన్సు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. పిల్లని మేం పిచ్చుక అంటాం. చిన్నప్పుడు ఒకచోట నిలబడేది కాదు. ఇప్పుడూ నిలబడదు, కాకపోతే ఇప్పుడు వెళ్ళేచోటు చెప్పి వెళుతుంది. ఆ వారం అది చెప్పింది ఊరి బయట పశువుల ఆసుపత్రి గురించి. అక్కడి డాక్టరమ్మకి ఒక సహాయకురాలు కావాలి. గొడ్ల దొడ్లకి మందులు, టీకాలు తీసుకెళ్ళాలి. ఆ వైపు బస్సు లేదు. డాక్టరమ్మ మా పిల్లను ఒక పూట వెంట తిప్పుకుంది. ఈనుతున్న ఆవు పక్కన అది బెదరకుండా నిలబడటం చూసి, ఒకటో తారీఖుకి లైసెన్సుతో వస్తే ఉద్యోగం నీదే, లేకపోతే వెనక ఇంకో అమ్మాయి ఉంది అని తేల్చి చెప్పింది.

ఆ రోజు పిల్ల ఇంటికి వచ్చిన తీరు నేను మరచిపోలేను. బూట్లకి పేడ, జుట్టులో గడ్డి, మొహంలో వెలుగు. ఆవుదూడ మొదటిసారి లేచి నిలబడటం ఎలా ఉంటుందో హాల్లో నాలుగు కాళ్ళ మీద నిలబడి, కింద పడి, లేచి చూపించింది. మా అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. మా ఆయన మాత్రం తివాచీ మీద పేడ పడిందేమోనని చూశారు.

డ్రైవింగు స్కూలు కారులో పాఠాలు నేర్చుకుంది కానీ, టెస్టు సొంత కారులో ఇవ్వాలి. ఆ కారుకి, లెర్నరు నడిపినా చెల్లే ఇన్సూరెన్సు ఉండాలి. అది లేకుండా తాళంచెవి దాని చేతికివ్వనని మా ఆయన అన్నారు. అందులో తప్పులేదు. తప్పంతా తర్వాత వచ్చింది.

తండ్రీ కూతుళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. నేను పక్కన కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. అచ్చం సంబంధం మాట్లాడుతున్నట్టే ఉండేది. మొదట చాలా మర్యాదగా, కారు ఏ రంగు, రాత్రిళ్ళు ఎక్కడ ఉంటుంది, ఇంతకుముందు ఏమైనా దెబ్బలు తగిలాయా అని కుశలప్రశ్నలు. తర్వాత అమ్మాయి వయసు అడిగేవారు. వయసు చెప్పగానే అవతలి గొంతు చల్లబడేది. మా పెద్దవాళ్ళతో మాట్లాడి చెబుతాం అనేవారు. మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

ఆఖరికి ఒక కంపెనీలో ఒకమ్మాయి దొరికింది. ఆ గొంతులో ఒక రకమైన ఓపిక ఉంది, మా ఆయన ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగినా మూడుసార్లూ కొత్తగా విన్నట్టు జవాబు చెప్పేది. మా ఇంట్లో ఆమెకి పాలసీ పిల్ల అని పేరు పెట్టాం. షరతు ఒకటే అంది. కారులో స్టీరింగు కింద ఒక చిన్న నల్ల డబ్బా బిగిస్తారు. గట్టిగా బ్రేకు వేసినా, మలుపులో విసురుగా తిప్పినా, వేగం మీరినా అది గమనిస్తుంది. దాని లెక్క పాలసీదారు ఫోనులో రంగుగా కనిపిస్తుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, పసుపైతే జాగ్రత్త పడమన్నట్టు. ఎర్రగానే ఉండిపోతే లెర్నరు కవరు, అంటే పిల్లకి వర్తించే ఇన్సూరెన్సు, రద్దు. కారు, పాలసీ మా ఆయన పేరు మీద ఉన్నాయి కనుక డబ్బా కబుర్లు చేరేది ఆయన ఫోనుకే.

మెకానిక్కు వచ్చి డబ్బా బిగించిన రోజు ఇంటిల్లిపాదీ కారు చుట్టూ నిలబడ్డాం. అగ్గిపెట్టెకి అన్నలా ఉందంతే.

"అచ్చం ఆడబిడ్డ" అన్నాను. "ఎదురుగా ఏమీ అనదు, తర్వాత అన్నీ చేరవేస్తుంది."

"మధ్యలో మా అమ్మాయి నీకేం చేసింది?" అన్నారు మా అత్తగారు.

మా ఆయనకి మాత్రం ఆ డబ్బా తెగ నచ్చింది. అది అబద్ధం చెప్పదు, ఎవరికీ మొహమాటపడదు, అలాంటిది ఒకటి ప్రతి లిఫ్టులో ఉంటేనా అని రెండు రోజులు అదే మాట.

మొదటి ప్రయాణం ఆదివారం పొద్దున. పిచ్చుక డ్రైవరు సీట్లో, పక్కన మా ఆయన, వెనక నేనూ మా అత్తగారూ. అద్దాలు సరిచేసుకుంది, బెల్టు లాగి చూసుకుంది, ఊపిరి పీల్చుకుంది. కారు కదిలింది. మా వీధే, రోజూ చూసేదే. కానీ నేను కన్న పిల్ల చేతిలో స్టీరింగు తిరుగుతుంటే ఆ వీధి మలుపు కొత్తగా కనిపించింది. మూల మీద మందుల షాపు, ఇస్త్రీ కొట్టు, స్కూలు గోడ, ఒక్కొక్కటీ నెమ్మదిగా, మర్యాదగా పక్కకి తప్పుకున్నాయి. పక్క సీట్లో కుడికాలు మాత్రం ధన్ ధన్‌మని పనిచేస్తూనే ఉంది. పిల్ల ఒక్కసారి కూడా అటు చూడలేదు. పెద్ద రోడ్డు ఎక్కాక ఏదో చిన్న గురక వినిపించింది. చూస్తే మా అత్తగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

ఇది మామూలు సంగతి కాదు. ఆవిడ కొడుకు కారు నడుపుతుంటే ఎన్నడూ కన్ను మూసి ఎరగరు. కిటికీ పైన ఉండే పిడి రెండు చేతులా పట్టుకుని కూర్చుంటారు. అమ్మ తన పక్కన ఉంటే కబుర్ల కోసం మేలుకునే ఉంటుందని మా ఆయన అందరికీ గర్వంగా చెబుతారు.

ఇంటికొచ్చాక ఫోను తీశారు. పచ్చ. లేత అరిటాకులాంటి పచ్చ. పిచ్చుక తండ్రి చేతిలోంచి ఫోను లాక్కుని వంటింట్లో నాకు చూపించి, హాల్లో నాన్నమ్మకి చూపించి, డాక్టరమ్మకి ఫోటో పంపించింది. ఆ పూట అన్నం తింటూ కూడా ఎడమచేత్తో గేర్లు మారుస్తూనే ఉంది.

బుధవారానికి పసుపయింది. గురువారానికి ఎర్రబడింది.

మా ఆయన ఆ సాయంత్రం పిల్లను సోఫాలో కూర్చోబెట్టి లిఫ్టు మోటారు దగ్గర్నుంచి మొదలుపెట్టారు. బ్రేకు అనేది చివరి నిమిషంలో గుర్తొచ్చే వస్తువు కాదట. దూరం నుంచే మనసులో వేసుకుంటూ రావాలట. పిల్ల విన్నంతసేపు విని, నేను నడిపినప్పుడు ఒక్కసారీ గట్టిగా వేయలేదు నాన్నా అంది. మరి డబ్బా అబద్ధం చెబుతోందా అన్నారాయన. అబద్ధమని అది ఎలా అంటుంది? మొన్న పచ్చ చూపించినప్పుడు ఆ డబ్బాని నమ్మిందీ అదే కదా.

నేను అంట్లు తోముతూ ఆలోచించాను. డబ్బా కారులో ఉంది. కారు పొద్దున ఆఫీసుకి వెళుతుంది, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంది. ఆ రెండు పూటలా పిల్ల ఇంట్లోనే ఉంటుంది. చేతులు తుడుచుకుని వెళ్ళి, ఏవండీ, ఆ డబ్బాకి నడిపేది ఎవరో ఎలా తెలుస్తుంది అని అడిగాను.

"అది అమ్మాయి కోసం పెట్టిన డబ్బా. అమ్మాయినే చూస్తుంది" అన్నారు.

"కళ్ళున్నాయా దానికి?"

"ఈ రోజుల్లో అన్నీ తెలుస్తాయోయ్. నీకు ఇవి అర్థం కావు."

నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చేశాను. ఆ సంగతి ఆయనకి మా పెళ్ళిలో చెప్పారు, తర్వాత ఎవరూ గుర్తుచేయలేదు. సరేనని వచ్చేశాను. శుక్రవారం పిల్లకి జలుబు చేసి కారు ముట్టుకోలేదు. ఆ రోజు ఎరుపు ఇంకా ముదిరింది. ఇదెలా అని అడిగితే, అరగని తిండి మర్నాడు బాధపెట్టినట్టు, నిన్నటి బ్రేకులు ఇవాళ తేలాయి అన్నారు. ఆ మనిషి ముందు నా భౌతికశాస్త్రం ఎందుకు?

వచ్చే మంగళవారం టెస్టు. సోమవారం కంపెనీ వాళ్ళు రంగు చూసి నిర్ణయం చెబుతారు.  ఆదివారం పిల్ల డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు బూట్లు కడిగి, ఆరబెట్టి, మంచం కిందికి తోసేసింది. వాటిని అలా తోసేయడం చూశాక ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు. అయితే మా ఆయనతో వాదించి గెలవడం కుదరని పని. ఆయన్ని నడవనిచ్చి, తనంత తాను గోడకి తగలనివ్వాలి.

సోమవారం మా అత్తగారిని కళ్ళజోడు షాపుకి తీసుకెళ్ళాలి. కొత్త కళ్ళజోడు సిద్ధమైంది. ఆయన ఒంటిపూట సెలవు పెట్టారు. నేను చాలా అమాయకంగా, పాపం పిల్లకి ఇదే ఆఖరి అభ్యాసం, వెళ్ళేటప్పుడు దాన్ని నడపనివ్వండి, వచ్చేటప్పుడు మీరు నడిపి ఎలా నడపాలో చూపించండి అన్నాను. చూపించడం అన్న మాట ఆయనకి బలహీనత. వెంటనే ఒప్పుకున్నారు.

వెళ్ళేటప్పుడు పిచ్చుక నడిపింది. మనసు బాగాలేకపోయినా చేతులు బాగానే ఉన్నాయి. సిగ్నళ్ళ దగ్గర కారు ఎప్పుడు ఆగిందో తెలిసేది కాదు. మా అత్తగారు రెండో సిగ్నలుకే గురక అందుకున్నారు. షాపు ముందు నేను ఫోను చూపించమని అడిగాను. ఈ ప్రయాణానికి చిన్న పచ్చచుక్క. ఆయన చూసి జేబులో పెట్టుకున్నారు. వారం రోజుల ఎరుపు ముందు ఒక్క పచ్చచుక్క ఏం చేస్తుంది పాపం.

వచ్చేటప్పుడు ఆయన నడిపారు. మా అత్తగారు కొత్త కళ్ళజోడు పెట్టుకుని, దారిలో కొన్న బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల పక్క సీట్లో.

"చూడు, రోడ్డును ముందుగా చదవాలి" అంటూ బయల్దేరారు.

ఆయన రోడ్డును నిజంగానే చదువుతారు. ప్రతి అక్షరం దగ్గరా ఆగుతారు. ఎక్కడో దూరంగా ఒక కుక్క తోక ఊపితే బ్రేకు. పార్కు చేసిన కారులో ఎవరో తలుపు తీయబోతున్నట్టు అనిపిస్తే బ్రేకు. ఎగిరొచ్చిన ప్లాస్టిక్ సంచికి గట్టి బ్రేకు. దాంతో బత్తాయిలు దొర్లి ముందు సీట్ల కిందికి పోయాయి. నేను సీటు పట్టుకుని వంగి ఒకటి ఏరేసరికి స్కూలు గోడ దగ్గర ఇంకో బ్రేకు, నా నుదురు ముందు సీటుకి తగిలింది. అదంతా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఎక్కడ బాగా నడిపేస్తారోనని భయపడ్డాను.

మా అత్తగారు రెండు చేతులా పైన పిడి పట్టుకున్నారు. కళ్ళజోడు జారి ముక్కు చివరికి వచ్చింది, పట్టుకుందామంటే చేయి వదలాలి.

"చూశావా, అమ్మ నిద్రపోదు. నేనుంటే కబుర్లు కావాలి" అన్నారు మా ఆయన అద్దంలో చూస్తూ.

"ఏం కబుర్లురా" అన్నారు మా అత్తగారు. "నువ్వు నడుపుతుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాను. కళ్ళజోడే నిలబడటం లేదు, నిద్రెక్కడ నిలబడుతుంది? ఇన్నేళ్ళూ నీ మనసు కష్టపడుతుందని ఊరుకున్నాను."

 దానికి జవాబు బ్రేకే చెప్పింది, ఇంకోసారి. ఒక బత్తాయి దొర్లుకుంటూ వెళ్ళి పిచ్చుక చెప్పుకి తగిలి ఆగింది. అది వంగి తీసింది. కోపం లేదు దాని గొంతులో, అదే నాకు గుర్తుండిపోయింది.

"నాన్నా, ఇదే లిఫ్టయితే ఈపాటికి నువ్వు తాళం వేయించేవాడివి."

 మిగతా దారి కారు చాలా నెమ్మదిగా నడిచింది. మలుపు మలుపుకీ ఆయన కుడికాలి వైపు చూసుకోవడం అద్దంలో నాకు కనిపించింది, ఎవరి కాలో అన్నట్టు.

ఇంటి ముందు ఆపగానే ఫోను టింగుమంది. ఎరుపు. దాని కింద కబురు: ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా పాలసీదారు మాట్లాడకపోతే రేపటి నుంచి లెర్నరు కవరు ఉండదు. పిల్ల ఆయన భుజం మీంచి చదివింది. చదివి, బత్తాయిల సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కారులోనే కూర్చున్నారు. గుమ్మం దగ్గర నుంచి చూస్తున్నాను. ఫోను దగ్గరగా పెట్టుకుని, ఇన్నాళ్ళూ తెరవని పేజీలు తెరుస్తున్నారు. గడిచిన రోజుల్లో ఏ పూట ప్రయాణం ఏ రంగో అందులో ఉంది. ఆఫీసుకి వెళ్ళే వేళలు ఎవరికి తెలియవు?

లోపలికొచ్చి హాల్లో నిలబడి పాలసీ పిల్లకి ఫోను చేశారు. అందరూ వినాలనుకున్నారో, తొందరలో చేయి తగిలిందో, స్పీకరు ఆన్ అయింది. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చాను. మా అత్తగారు టీవీ గొంతు తగ్గించారు. పిచ్చుక మెట్ల మీద ఆగిపోయింది. గోడగడియారం చూస్తే వాళ్ళ ఆఫీసు మూసే వేళ దగ్గరపడుతోంది.

ఆయన మొదట డబ్బా గురించి అడిగారు. నడిపేది ఎవరో దానికి తెలుస్తుందా అని.

"తెలియదండీ. కారు ఎవరు నడిపినా దానికి ఒకటే" అంది ఆ అమ్మాయి.

నేను కొంగుతో మూతి తుడుచుకున్నాను, తుడవడానికి ఏమీ లేకపోయినా.

"అలాగా. అయితే కొన్ని ప్రయాణాల్లో వాహనం వేరే వ్యక్తి చేతిలో ఉంది" అన్నారాయన, ఆఫీసు రిపోర్టులు రాసే భాషలో.

అలాంటివి లెక్కలోంచి తీసేయవచ్చునంది ఆమె. ఆ ప్రయాణాల్లో తానే నడిపానని నడిపినవాళ్ళు ఫోనులో సొంత మాటల్లో చెప్పాలి, అది రికార్డవుతుంది. చెప్పేస్తే మిగిలిన ప్రయాణాలన్నీ పచ్చగానే ఉన్నాయి, రేపటి టెస్టుకి ఏ ఇబ్బందీ ఉండదు.

పిచ్చుక మెట్ల పిట్టగోడ పట్టుకుంది. 

"ఆ వ్యక్తి ఎవరండీ?" అంది ఫోనులో అమ్మాయి.

"ఇంట్లోవాళ్ళే."

"లెర్నరుకి ఏమవుతారు?"

"తండ్రి."

"అంటే మీరేనా అండీ?"

మా ఆయన ఇల్లంతా ఒకసారి చూశారు, సాయానికి ఎవరైనా వస్తారేమోనని. నేను చాలా శ్రద్ధగా గుమ్మం కర్టెను మడతలు సరిచేశాను. మా అత్తగారు కొత్త కళ్ళజోడు పైకి తోసుకుని కొడుకు మొహం వైపే చూస్తున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట నేను వినని మాట ఒకటుంది. అది ఆ గొంతులో ఎక్కడో అంతస్తుల మధ్య ఇరుక్కున్నట్టు, పైకీ రాక కిందికీ పోక ఆగింది.

"రికార్డులో స్పష్టంగా ఉండాలండీ. ఇంకో రెండు నిమిషాల్లో మా లైన్లు మూసేస్తారు" అంది ఆమె ఓపిగ్గా.

ఆయన ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నారు, కానీ చూసింది మెట్ల మీద ఉన్న కూతురి వైపు.

"నేనే. ఆ బ్రేకులన్నీ నావి. పొద్దునా సాయంత్రం నడిపింది నేను, తిట్లు తిన్నది అది. మా అమ్మాయి చాలా మెత్తగా ఆపుతుంది. నాకే ఆపడం రాదు. తప్పు నాది, తల్లీ."